ఆరో నంబరు ముందున్న పూలకుండీ

పోయిన వారం ఒకమ్మాయి ఫోన్ చేసింది. రిటైరై నేను ఖాళీ చేసి వచ్చిన కుర్చీలో ఇప్పుడు ఆ అమ్మాయే కూర్చుంటోంది. మా షాపింగ్ కాంప్లెక్స్ ప్లానును కొత్తగా గీయిస్తున్నారట. పాత ప్లాను పట్టుకుని ఒక్కో దుకాణం ముందుకీ పోయి సరిచూస్తోందట.

"మేడం, ఆరో నంబర్ ముంగట ప్లాన్‌ల పూలకుండీ అని రాసుంది. పోయి చూస్తే కుండీ లేదు, ఏందో పాత రేకు డబ్బా ఉంది. ప్లాన్‌లకెళ్లి కుండీ తీసేయాల్నా? డబ్బా గూడ తీసేపియ్యాల్నా?" అని అడిగింది.

రేపు చెబుతానని పెట్టేశాను. ఆ రేపు ఇంకా రాలేదు. అది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, ఈ లీజింగ్ పనిలోకి వచ్చే పిల్లలందరికీ అనుకోండి. పేర్లు మాత్రం అడగకండి. ఇందులో ఉన్నవాళ్ళంతా ఇంకా ఆ దారిలోనే తిరుగుతున్నారు, నేనూ అక్కడే కూరగాయలు కొనుక్కోవాలి.

లీజింగ్ అంటే మరేం లేదు, దుకాణాలు అద్దెకివ్వడం. ఇంగ్లీషులో చెబితే కొంచెం గౌరవంగా ఉంటుంది, అంతే. చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి కంచన్‌బాగ్ వైపు పోయే దారిలో ఉంటుంది మా కాంప్లెక్స్. నేను పుట్టి పెరిగింది కూడా ఆ దగ్గరలోనే. మా నాన్న లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అప్పట్లో ఆ కాంప్లెక్స్ రెండంతస్తుల పాత కట్టడం. కింద ఒక గిర్ని, ఒక టైలరు, గడియారాలు బాగుచేసే ఒకాయన ఉండేవాళ్ళు. వానొస్తే మెట్ల మీద నీళ్ళు పారేవి.

గిర్ని అంటే పిండిమర. మా అమ్మ వారానికోసారి గోధుమలో జొన్నలో డబ్బాలో పోసి నా నెత్తిన పెట్టి పంపేది. పిండి పట్టించుకుని బయటికొచ్చేటప్పుడు గడప పక్కనున్న రేకు డబ్బాలో ఒక పిడికెడు పిండి వేయాలి. ముట్టి అంటే పిడికెడే, అందుకని దాన్ని ముట్టి డబ్బా అనేవాళ్ళం. ఇంట్లో గింజలు లేనివాళ్ళు వచ్చి అందులోంచి తీసుకుపోయేవాళ్ళు. ఎవరు తీసుకున్నారని ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఒకసారి నేను మరిచిపోయి ఇంటికి వచ్చేస్తే మా అమ్మ మళ్ళీ వెనక్కి పంపింది, ఆ ఒక్క పిడికెడు కోసం. ఎండలో ఏడ్చుకుంటూ పోయాను.

ఎన్నో ఉద్యోగాలు తిరిగి, యాభై దాటాక నేను అదే కాంప్లెక్స్‌కు లీజింగ్ మేనేజరుగా వచ్చాను. దాని యజమాని బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారం చేసే సేఠ్. పాత కట్టడం పడగొట్టి కొత్తది కట్టాలని, కింది అంతస్తులో సగం ఒక పెద్ద కిరాణా కంపెనీకి ఇవ్వాలని ఆయన ఆలోచన. మా పనిలో అలాంటి పెద్ద దుకాణాన్ని యాంకర్ అంటారు. అది వస్తుందంటేనే చెప్పుల దుకాణం వస్తుంది, మందుల దుకాణం వస్తుంది, ఐస్‌క్రీం వాడు వస్తాడు. అది రాదంటే ఎవరూ రారు.

కట్టడం పడగొట్టాలంటే ముందు పాతవాళ్ళను ఖాళీ చేయించాలి. టైలరు, గడియారాలాయన ఇంకో చోటు చూసుకుని కాగితాలు రాయించుకుని వెళ్ళిపోయారు. మిగిలింది గిర్ని చాచా. అప్పటికే డెబ్బై ఏళ్ళు ఆయనకు. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు ఎప్పుడూ పిండితో తెల్లగానే ఉండేవి, వయసుతో తెల్లబడ్డది ఎంతో పిండితో తెల్లబడ్డది ఎంతో తెలిసేది కాదు. నేను కాగితం తీసుకుపోతే ఆయన చేత్తో పక్కకు జరిపాడు.

"కాగితం ఎందుకు బేటీ? మా బాపు సేఠ్ వాళ్ళ బాపు దగ్గర జబాన్ మీదనే తీసుకున్నడు ఈ జాగ. నువ్వు ఇదే గిర్నిల పిండి పట్టిచ్చుకోని పెరిగిన పిల్లవు. నువ్వు జబాన్ ఇయ్యి, చాలు."

"కొత్త బిల్డింగుల గూడ మీ జాగ మీకే చాచా. ఆరో నంబర్. నాది జబాన్," అన్నాను.

జబాన్ అంటే నోటిమాట, ఎంత తేలిగ్గా ఇచ్చేశానో. ఆయన యంత్రాన్ని ఎదురుగల్లీలో రేకుల షెడ్డులోకి మార్చుకుని రెండేళ్ళు ఎండలో, వానలో నడిపాడు. మధ్యలో ఫ్లైఓవర్ దగ్గర ఇంకెవరో మంచి దుకాణం ఇస్తామన్నారట, పోలేదు. "నాకు జాగ ఉన్నది గదా," అన్నాడట. ఈ మాట మా సైటు ఇంజనీరు నాకు చెప్పాడు. ఆ ఇంజనీరు చాంద్రాయణగుట్ట వాడు, నోరు ఊరుకోదు, చేతిలో చాయ్ గ్లాసు లేకుండా నేను ఆయన్ను చూడలేదు. "మేడం, మీ జబాన్ మీద మనిషి రెండేండ్లు రేకుల కింద కూసున్నడు. జర యాదుంచుకోండ్రి," అని వారానికోసారి నన్ను ఆట పట్టించేవాడు. నేను నవ్వేదాన్ని.

ఇక తప్పు సంగతి. కిరాణా కంపెనీతో రాసుకున్న కాగితంలో ఒక వాక్యం ఉంది. ఈ కాంప్లెక్స్‌లో ఇంకే దుకాణం వారూ బియ్యం, పప్పులు, పిండి, మసాలాలు అమ్మరాదు. అలాంటి వాక్యం అన్నిచోట్లా ఉంటుంది. నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నాకు గిర్ని గుర్తుకు రాలేదు. మీరు నమ్మరు, కానీ నిజం. గిర్నివాడు పిండి అమ్ముతాడని మా వైపు పుట్టినవాళ్ళెవరికీ తోచదు. గోధుమలు మనవి, పిండి మనది, ఆయనది యంత్రం ఒక్కటే. పట్టినందుకు కూలి ఇస్తాం. అమ్మకమన్న మాటే మా బుర్రలోకి రాదు. వేరే ఊరినుంచి వచ్చిన లీజింగ్ వాళ్ళెవరైనా అయితే ఆ పూటే పట్టుకునేవాళ్ళు.

ప్రారంభానికి పది రోజులుందనగా సోమవారం నాడు కంపెనీ ఆఫీసరు చూసిపోవడానికి వచ్చాడు. గోదావరి జిల్లాల వాడు, ముప్పై అయిదు దాటని మనిషి, మర్యాదస్తుడు. అప్పటికే చాచా యంత్రాన్ని ఆరో నంబరులో దింపి బెల్టు బిగించాడు. ఆఫీసరు అక్కడ ఆగిపోయాడు.

"ఇదేంటండీ?"

"గిర్ని సార్. పిండి పడతారు."

"పిండా?" అని చంకలోని ఫైలు తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "మేడంగారూ, ఈ షాపులోంచి పిండి బయటికొస్తుందా, రాదా?"

"వస్తుంది సార్, కానీ..."

"కానీ ఏముందండీ ఇందులో? శుక్రవారం లోపల ఇది తీసేయించండి. లేకపోతే మేము తెరవడం లేదని పైకి రాసేస్తాను."

అది ఒక్క దుకాణంతో పోయే సంగతి కాదు. ఎందుకంటే మిగతా పద్నాలుగు దుకాణాల కాగితాల్లోనూ ఒక వాక్యం ఉంది, పెద్ద దుకాణం తెరిచేదాకా వాళ్ళూ తెరవనక్కర్లేదని. అదీ నేను రాసిందే. ఒక్క గిర్ని కోసం భవనం మొత్తం మూతపడుతుంది. గిర్ని తీసేస్తే డెబ్బై దాటిన మనిషి, ఉన్న చోటు వదులుకుని వచ్చినవాడు, నా నోటిమాట వల్ల రోడ్డు మీద పడతాడు. ఆ రేకుల షెడ్డును కూడా వచ్చే నెలకల్లా ఖాళీ చేయాలి.

సేఠ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విన్నాడు. కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది.

"దేఖో మేడం, జబాన్ నువ్వు ఇచ్చినవ్, నేను ఇయ్యలే. వాక్యం గూడ నువ్వే చదివినవ్. నువ్వే పోయి చాచాకు చెప్పు. మంచిగ చెప్పు, లొల్లి గావొద్దు."

అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పటినుంచీ వింటున్నాను, అప్పుడు తెలిసింది. మంగళవారమంతా చాచాకు కనబడకుండా వెనక మెట్ల మీదుగా తిరిగాను. ఎవరు పిలిచినా ఆయనేనేమోనని ఉలిక్కిపడ్డాను. సాయంత్రం మా ఇంజనీరు చాయ్ తాగుతూ వచ్చి, "చాచా మిమ్మల్ని అడుగుతున్నడు మేడం. పూజ రోజు పహెలా డబ్బా మీదేనంట, గోధుమలు తెచ్చుకోమన్నడు," అన్నాడు. ఆయనకు సంగతి తెలియదు. నా మొహం చూసి గ్లాసు కింద పెట్టేశాడు. చెప్పాను. మొదటిసారి ఆ మనిషి ఆట పట్టించలేదు. "చెప్పేయండ్రి మేడం. దాస్తే ఇంకా పాపం," అన్నాడు.

బుధవారం పొద్దున షెడ్డుకు వెళ్ళాను. పెద్ద యంత్రం ఆరో నంబరుకు పోయినా, చిన్న గిర్ని ఒకటి ఇంకా అక్కడ నడుస్తోంది. ఆడవాళ్ళు వరసగా డబ్బాలు పెట్టుకుని నిలబడ్డారు. గడప పక్కన ముట్టి డబ్బా ఉంది. చాచా నన్ను చూసి నవ్వబోయి ఆగాడు.

"ఏంది బేటీ, మొహం గట్లయ్యింది? జరం వచ్చిందా?"

నిలబడే చెప్పేశాను. ఏ మాట ముందు చెప్పానో, ఏది వెనక చెప్పానో గుర్తులేదు, మాటల మధ్య ఏడుపు వచ్చిందని మాత్రం గుర్తుంది. ఆయన చెయ్యి చాపి మోటారు ఆపేశాడు. అంతసేపూ మోతలో అరుచుకుంటున్న ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు.

"నేను పిండి అమ్ముతానా?" అన్నాడు చాచా. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు. "యాభై ఏండ్లాయె. ఎప్పుడన్న ఒక్క పావు కిలో అమ్మిన్నా బేటీ?"

వరసలో ముందున్న ముసలమ్మ నా మీదికి వచ్చింది. "ఏం మాట్లాడుతున్నవమ్మా? పిండి ఆయన అమ్ముడేంది? గోధుమలు మాయి. చూడు, నా డబ్బాల ఎవరియి ఉన్నయి? ఎవడు జెప్పిండు అమ్ముతడని? వాన్ని గీడికి తోలుకరా, నేను జెప్తా."

ఆ ముసలమ్మ తిట్టిన తిట్టే నాకు దారి చూపించింది. నేను ఆఫీసరుకు కాగితం చూపించి వాదించాలని చూస్తున్నాను, కాగితంలో ఓడిపోయాను కాబట్టి మూగబోయాను. గిర్ని అంటే ఏమిటో ఆయన జన్మలో చూడలేదు. వాళ్ళ ఇంట్లో పిండి ప్యాకెట్లో వస్తుంది.

గురువారం ఆఫీసరు కాళ్ళా వేళ్ళా పడి ఒక్క పావుగంట షెడ్డుకు రమ్మన్నాను. వచ్చాడు, బూట్ల మీద పిండి పడుతుందని వెనక్కి వెనక్కి నిలబడ్డాడు. ముసలమ్మ ఆ రోజు కూడా వచ్చింది, జొన్నలు పట్టించడానికి. ఆయన ఎవరో తెలియక, "జర పట్టు బిడ్డా," అని తన డబ్బా ఆయన చేతుల్లో పెట్టి నడుం పట్టుకుని కూర్చుంది. పాపం, దింపితే ఏమంటుందోనని పావుగంటా ఆ డబ్బా మోస్తూనే నిలబడ్డాడు. అలా నిలబడి చూశాడు, ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకోవడం, ఎవరి పిండి వాళ్ళు పట్టుకుపోవడం.

"ఈ గోధుమలు, జొన్నలు ఎక్కడ కొంటారమ్మా?" అని అడిగాడు చివరికి.

"బేగంబజార్ల. బస్సెక్కి పోవాలె. పది కిలోలు మోసుకోని ఎక్కితే కండక్టర్ లొల్లి."

"ఇక్కడే మా దుకాణంలో దొరికితే?"

"మంచియి పెడితే కొంటం. పురుగులుంటే నీ మొహాన కొడతం," అంది ముసలమ్మ.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఊపిరి వచ్చింది. వ్యాపారం తెలిసినవాడు కదా, లెక్క ఆయన బుర్రలో అప్పుడే తిరిగింది. గిర్ని పక్కనుంటే గింజలు తమ దగ్గర కొంటారని. "సరేనండీ. కానీ రాతపూర్వకంగా ఉండాలి. పైవాళ్ళకు చూపించాలి కదా. ఈ సాయంత్రానికే," అన్నాడు.

ఆ కాగితం నేనే రాశాను. మళ్ళీ ఎవరూ వేలు పెట్టి చూపించకూడదని చాలా గట్టిగా రాశాను. ఎవరు తెచ్చిన ధాన్యం పిండి చేసి వారికే ఇవ్వాలి, తెచ్చినవారికి తప్ప మరెవరికీ ఈ దుకాణం నుంచి పిండి వెళ్ళరాదు. రాసి మురిసిపోయాను. ఆఫీసరు చదివి బాగుందన్నాడు, బయట కారులో కూర్చుని సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. నేను లోపలికి పోయి చాచాకు చదివి వినిపించాను. ఆయన కలం తీసుకుని ఆగాడు.

"బేటీ, మరి ముట్టి డబ్బా?"

నేను రాసిన వాక్యంలో ముట్టి డబ్బాకు చోటు లేదు. గింజలు తేనివాళ్ళ కోసమే అది ఉంది. కారు దగ్గరికి పోయి, సార్, ఇంకో మాట కలపాలి, అనొచ్చు. అంటే ఆయన, ఊరికే ఇచ్చే పిండి ఏమిటండీ, అని మళ్ళీ మొదలు పెడతాడు. రేపు శుక్రవారం. నాలుగు రోజుల భయం నా ఒంట్లో ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడైతే సంతకం పెట్టండ్రి చాచా. అదంతా తర్వాత చూద్దాం," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. ఈసారి నా జబాన్ అడగలేదు.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో నేను చాలా మాటలు పడ్డాను, సేఠ్ దగ్గర, ఇంటిదగ్గర. చాచా ఆ రోజు ఏమీ అనకపోవడం మాత్రం నేను మరిచిపోలేదు.

అనుకున్న రోజుకే ప్రారంభమైంది. పూలు, బ్యాండు, సేఠ్ బంధువులు, పద్నాలుగు దుకాణాల దీపాలు. చాచా అన్నట్టే మొదటి డబ్బా నాదే పట్టాడు. బయటికి వస్తూ అలవాటు కొద్దీ నా డబ్బాలోంచి ఒక పిడికెడు పిండి తీశాను, గడప పక్కకు చెయ్యి చాపితే అక్కడ ఏమీ లేదు. పిండి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడే ఒకామె వచ్చింది, మధ్య వయసు మనిషి, చేతిలో మడిచిన ఖాళీ సంచి. గడప పక్కన చూసింది. లోపల చాచా వైపు చూసింది. ఆయన తల దించుకుని బెల్టు సరిచేస్తున్నాడు. ఆమె ఏమీ అడగకుండా, కొత్త అద్దాలు చూడటానికే వచ్చినట్టు అటూ ఇటూ చూసి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు, మిఠాయి డబ్బా చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఇంజనీరు దగ్గరికి పోయాను. దుకాణం హద్దు షట్టరు గీత దాకానే. దాని బయట నడిచే దారి అందరిదీ, దాని బాధ్యత నాది. అక్కడ ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ప్లానులో గీయించేది నేనే.

"ఆరో నంబర్ షట్టర్ బయట ఒక అడుగు చదరం గియ్యి. పూలకుండీ అని రాయి," అన్నాను.

"ఏం చెట్టు పెడతరు మేడం?" అన్నాడు.

"చెట్టు ముచ్చట నీకెందుకు?"

ఆయన నన్ను ఒకసారి, ఆరో నంబరును ఒకసారి చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, స్కేలు తీసుకుని, ఎంతో శ్రద్ధగా గీశాడు. సేఠ్ ఎప్పటిలాగే చూడకుండా సంతకం పెట్టాడు.

ఆ ప్లాను పట్టుకుని చాచా దగ్గరికి వెళ్ళాను. "చాచా, గడప బయట ఒక అడుగు జాగ మీ దుకాణం కాదు. ఎవల పిండి వాళ్ళు బయటికి తెచ్చుకున్నంక ఆ డబ్బాల ఏస్తే అది మీ దుకాణంల నుంచి పోయినట్టు కాదు. పెట్టుకోండ్రి," అన్నాను.

ఆయన చేతులు దులుపుకున్నాడు. "కాగితం ఉన్నదా బేటీ?" అని అడిగాడు.

జీవితంలో ఎవరినీ కాగితం అడగని మనిషి. నేను ప్లాను విప్పి ఆ చదరం చూపించాను. ఆయన వేలితో దాన్ని తడిమి, లోపలికి పోయి, సంచుల వెనక దాచిన రేకు డబ్బాను తెచ్చి సరిగ్గా అక్కడ పెట్టాడు. మొదటి పిడికెడు ఆయనే వేశాడు. ఖాళీ సంచి ఆమె వారం తర్వాత మళ్ళీ కనిపించింది, దూరం నుంచే చూసి గబగబా వచ్చింది.

తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఆఫీసరు తనిఖీకి వచ్చినప్పుడల్లా నాకు ప్రాణాలు అరచేతిలోనే. నేను ఆయన్ను అటువైపు పోనివ్వకుండా మాటల్లో పెట్టి లిఫ్టు వైపు లాక్కుపోయేదాన్ని. ఒకసారి మాత్రం తప్పలేదు. ప్లాను చేతిలో పెట్టుకుని డబ్బా ముందు నిలబడ్డాడు.

"ఇక్కడ పూలకుండీ అని ఉంది కదండీ?"

"అవును సార్. మొక్క ఇంకా రాలేదు," అన్నాను.

"నీళ్ళు సరిగ్గా పోయిస్తున్నారా?" అని అడిగి ముందుకు నడిచాడు. తెలిసి అడిగాడో తెలియక అడిగాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

అమ్మాయీ, నువ్వు అడిగినదానికి జవాబు ఇది. ఈ ఏడు కంపెనీ లీజు మళ్ళీ రాసుకుంటున్నారని, కొత్త ఆఫీసర్లు వస్తారని విన్నాను. వాళ్ళు ప్లాను పట్టుకుని వస్తారు, నువ్వు వాళ్ళ ముందు నిలబడాలి. నాకు భయంగానే ఉంది, నీకూ ఉంటుంది. చాచాకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, నేను పోయినప్పుడు నా డబ్బా నేనే ఎత్తి పోస్తున్నాను. దీని గురించి నీకు ఇవ్వడానికి నా దగ్గర కాగితమేమీ లేదు. నిన్ను జబాన్ అడిగే మొహం కూడా నాకు లేదు. కొత్త ప్లానులో ఆ అడుగు చదరం మాత్రం అలాగే గీయించు. ఎవరైనా వచ్చి కుండీ ఏదమ్మా అని అడిగితే, మొక్క ఇంకా రాలేదని చెప్పు.